వడ్లు ఒక దారిన, మనుషులు ఒక దారిన

వరికోతలు అయిపోయాక పశ్చిమ ఒడిశాలోని కాంటాబంజి స్టేషన్లో జనం మూటలు, సత్తుగిన్నెలు, చంటిపిల్లలతో రైలెక్కుతారు. బలంగీర్, నువాపడా, కలహండి పల్లెల వాళ్లు. వాళ్లలో చాలామంది దిగేది మన దగ్గరే, తెలంగాణ, ఆంధ్రల్లోని ఇటుక బట్టీల్లో. కూలీలను కుదిర్చే సర్దారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు వానలు పడేదాకా మట్టి పిసికి తీర్చాలి.

వాళ్ల ఊళ్లది ఎండిపోయిన నేల అనుకుంటాం. నిజానికి అక్కడ ఏటా 1,200 మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. అనంతపురానికి అందులో సగం కూడా దక్కదు. 1985లో కలహండిలో ఒక ఇంటి పిల్లను 40 రూపాయలకు అమ్ముకున్నారన్న వార్త దేశాన్ని కదిలించి, ప్రధాని రాజీవ్ గాంధీని అక్కడికి రప్పించింది. ఆ రోజుల్లో కూడా ఆ జిల్లాలో తలసరి పండే తిండిగింజలు దేశ సగటుకు తక్కువేమీ కాదని పి.సాయినాథ్ ఎత్తిచూపారు. పండినవి అప్పు కింద కళ్లంలోనే చేతులు మారేవి. తర్వాత ఇంద్రావతి కాలువలొచ్చాయి, కలహండి వడ్లు ప్రభుత్వ గోదాములకు చేరుతున్నాయి. కాలువ కింద సెంటు భూమి లేని ఇంటికి మాత్రం ఆ పంట కంటికి కనిపించేదే, కంచంలోకి వచ్చేది కాదు.

2001 వానాకాలంలో పొరుగునే ఉన్న కాశీపూర్లో ఆదివాసీలు బూజుపట్టిన మామిడి టెంకల అంబలి తాగి చనిపోయారు. అప్పుడు కేంద్రం గోదాముల్లో ఉన్న ధాన్యం దాదాపు 6 కోట్ల టన్నులు. తిండి హక్కు కోసం సుప్రీంకోర్టులో కేసు వేసిందీ ఆ ఏడాదే. 2013లో చట్టం వచ్చింది: మనిషికి నెలకు 5 కిలోలు. ఆ బియ్యం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అది చిన్న సంగతి కాదు. కానీ ఎందరికివ్వాలన్న లెక్క ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తోంది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఎందరి పేర్లో రేషన్ కార్డుకెక్కలేదు.

కార్డు ఉన్నవాళ్లు దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చని నిబంధన ఉంది. కానీ బట్టీ ఊరికి దూరం, వేలిముద్ర వేయడానికి వెళ్తే ఆ పూట ఇటుకల లెక్క తగ్గుతుంది. పిల్లల పేర్లు సొంతూరి బడిలో, అంగన్‌వాడీలో ఉండిపోతాయి. వారం వారం ఇచ్చే తిండి డబ్బుతో తల్లులు నూకలు కొంటారు. ఆ డబ్బూ చివరికి కూలిలోంచే కోత పడుతుంది.

రేషన్ బియ్యం, అంగన్‌వాడీ గుడ్డు బట్టీ దగ్గరికే రావాలి. కోతలు ముగిసి రైలు బయల్దేరకముందే మన అధికారులు వలస వచ్చేవాళ్ల పేర్లు రాసుకోవాలి.