నాలుగు మూలల ప్రార్థన వస్త్రం

దేశదేశాల వారు బట్టను ఏ భావంతో ధరిస్తారో తెలుసుకొనే తీరిక మగ్గం ముందు కూర్చున్న మనకు తక్కువ. యూదులు ఉదయ ప్రార్థన వేళ కప్పుకొనే "తల్లీత్" అనే శాలువను గూర్చి నేత కుటుంబాలు తెలుసుకొనదగిన సంగతులు కొన్ని ఉన్నవి.

ఈ శాలువ సాధారణంగా తెల్లనిది. నల్లని గాని నీలపు గాని చారలుంటవి. ఉన్నితోనో, నూలుతోనో, పట్టుతోనో నేయవచ్చును. అయితే ఉన్నినీ అవిసె నారనూ ఒకే వస్త్రంలో కలుపరాదని వారి ధర్మశాస్త్రం శాసించింది. నూలు, పట్టు కలిపి నేయడం అలవాటైన మనకు ఇది వింతగా తోచవచ్చును.

వస్త్రం ఎంత విలువైనదైనా నాలుగు మూలలా కుచ్చులు లేనిదే ప్రార్థనకు పనికిరాదు. ఒక్కొక్క మూలనున్న రంధ్రంలో నాలుగు దారాలు దూర్చి మడువగా ఎనిమిది పోగులవుతవి. వానిలో పొడవైన పోగును తక్కినవాటికి చుట్టుతూ ఐదు జంటముడులు వేస్తారు. ఐరోపా యూదులలో ప్రబలిన ఆచారం ప్రకారం ముడుల నడుమ చుట్లు వరుసగా 7, 8, 11, 13, మొత్తం 39. ఈ దారాన్ని కుచ్చుల కొరకే అనే సంకల్పంతో వడకాలి. మరొక పనికై వడికినది ఎంత సన్ననిదైనా చెల్లదు.

పూర్వం ఈ కుచ్చులలో నీలిపోగు కూడా ఉండేది. ఆ రంగు సముద్రపు నత్త నుండి తీసినది, మిక్కిలి ఖరీదు. చౌకగా దొరికే నీలిమందుతో అద్ది, నత్తరంగని చెప్పే మోసగాళ్లు బయలుదేరారు. అట్టివారిని దేవుడే శిక్షిస్తాడని తాల్మూద్ గ్రంథం హెచ్చరించింది. కాలక్రమాన ఆ అద్దకపు విద్యయే మరుగునపడి, శతాబ్దాల తరబడి తెల్ల కుచ్చులే మిగిలినవి. 1980 తర్వాతి సంవత్సరాలలో ఇజ్రాయేలు రసాయన శాస్త్రజ్ఞుడు ఆటో ఎల్స్నర్, అద్దకపు ద్రావణానికి ఎండ తగిలితే ఊదాఛాయ పోయి నీలం వస్తుందని కనుగొన్నాడు. నేడు కొందరు మరల నీలిపోగు కడుతున్నారు. అసలు నత్త ఇదేనని అందరూ ఒప్పుకొనలేదు.

విశేషమేమంటే, ఈ విధంగా వచ్చే నీలంలోనూ నీలిమందులోనూ రంగునిచ్చే పదార్థం ఒక్కటే. కంటికి భేదం కనబడదు. అయినా అమ్మేవాడు అబద్ధమాడరాదన్నారు.

మరమగ్గపు బట్టను చేనేతయని అమ్మే అంగళ్ల మధ్య బ్రతుకుతున్న మనకు ఈ మాట కొత్తది కాదు. కొనేవాడు పోగు విప్పి చూడలేడు; మన మాట నమ్మి కొంటాడు. ఆ నమ్మకాన్ని పోగొట్టుకొనకుండా కాపాడుకొనడం మన చేతిలోని పని.