లాగిన్ వేళ లినక్సులో జరుగు సన్నాహము

పాఠశాల కంప్యూటరు గదిలో లినక్స్ నేర్చుకొను విద్యార్థికి త్వరలోనే ఎదురగు చిక్కు ఒకటి కలదు. అతడు తాను వ్రాసిన చిన్న ప్రోగ్రాములను 'బిన్' అను డైరెక్టరీలో దాచుకొనును. పేరు టైపు చేసినంతనే యంత్రము వాటిని గుర్తించుటకై, ఆ డైరెక్టరీ చిరునామాను 'డాట్ బాష్ ప్రొఫైల్' అను ఫైలులో ఒక పంక్తిగా చేర్చును. అక్షరములు మాత్రమే కనిపించు నల్లని తెరపై పేరు, పాస్‌వర్డు ఇచ్చి ప్రవేశించినచో అంతయు సక్రమముగా నడచును. అదే యంత్రములో బొమ్మలు, కిటికీలు గల రంగుల తెరద్వారా ప్రవేశించి, టెర్మినల్ కిటికీని తెరచి, అదే పేరు టైపు చేసినచో 'అట్టి ఆదేశము లేదు' అను సమాధానము రావచ్చును.

ఫైలు మారలేదు. పంక్తి చెరగలేదు. అక్షరదోషమును లేదు. రెండవ పర్యాయము ఆ పంక్తిని చదివినవారే లేరు. ఏ ఫైలును ఎవరు, ఎప్పుడు చదువుదురో తెలియవలెనన్నచో, యంత్రములో ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామునకు జన్మనిచ్చు విధానమును మొదట తెలిసికొనవలెను.

హార్డువేరును ప్రత్యక్షముగా ఏలు భాగమునకు కెర్నెల్ అని పేరు. ఆ మాటకు గింజ అని అర్థము. గింజను చుట్టియుండు గుల్లవలె, కెర్నెలునకును మనిషికిని నడుమ నిలిచి, టైపు చేసిన ఆదేశములను గ్రహించి ప్రోగ్రాములను నడపునది షెల్. అయినను కెర్నెల్ దృష్టిలో షెల్ కూడ ఒక సామాన్యమైన ప్రోగ్రామే. దానికి ప్రత్యేకాధికారమేమియు లేదు. 1979లో బెల్ ప్రయోగశాలలనుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ చేరినది. దాని స్థానమున వాడుకొనుటకై గ్నూ ప్రణాళిక కొరకు బ్రయన్ ఫాక్స్ రచించి 1989లో వెలువరించినది బాష్. 'బోర్న్ అగైన్' అను మాటలలో బోర్న్ పేరును, పునర్జన్మ అను అర్థమును రెండును ధ్వనించుటచేత ఆ పేరు పెట్టిరి. నేడు చాల లినక్స్ యంత్రములలో మొదట కనిపించు షెల్ ఇదియే.

యూనిక్స్ ఏడవ కూర్పుతోనే వచ్చిన మరియొక ఏర్పాటు 'పరిసరము'. ఇది ప్రతి ప్రోగ్రాము వెంటను ఉండు ఒక చిన్న పట్టిక. అందు ప్రతి పదమును ఒక పేరు, ఒక సమానపు గుర్తు, ఒక విలువ అను రీతిలో ఉండును. గణితములోని చరరాశివలె పేరు నిలిచియుండి విలువ మారవచ్చును గనుక వీటిని పరిసర చరరాశులు అందురు. 'హోమ్' అనునది ఆ వ్యక్తి సొంత డైరెక్టరీని తెలుపును. 'లాంగ్' అనునది భాషను తెలుపును. తెలుగును, భారతదేశమును సూచించు సంకేతమును అందు ఉంచినచో, ఆ భాషాసామగ్రి అమర్చియున్న యంత్రములో తెలుగు అనువాదము గల ప్రోగ్రాములు తమ మెనూలను తెలుగులోనే చూపును. 'పాత్' అనగా దారి. ఒక ఆదేశము పేరు విన్నప్పుడు దానిని ఏయే డైరెక్టరీలలో, ఏ వరుసలో వెదకవలెనో అందు వ్రాసియుండును. పై విద్యార్థి మార్చదలచినది ఈ పాత్‌నే.

ఈ పట్టిక ఎక్కడ నుండి వచ్చును? యూనిక్స్ జాతి యంత్రములలో క్రొత్త ప్రోగ్రాము శూన్యమునుండి పుట్టదు. అప్పటికే నడచుచున్న ప్రోగ్రాము ఒకటి 'ఫోర్క్' అను పిలుపుతో తన ప్రతిరూపమును కల్పించును. ఆ ప్రతిరూపము 'ఎగ్జెక్' అను పిలుపుతో తన వేషము మార్చి క్రొత్త ప్రోగ్రాముగా మారును. మొదటిది తల్లి, రెండవది బిడ్డ. పొలమునకు పోవు కుమారునికి తల్లి సద్దిమూట కట్టి పంపినట్లు, తల్లి ప్రోగ్రాము బిడ్డకు పరిసరపు నకలును ఇచ్చి పంపును. ఆ క్షణమున ఇచ్చినదే బిడ్డకు దక్కును. పిదప ఇంటిలో తల్లి ఎన్ని వంటలు వండినను దారిలోనున్న మూటలోనికి చేరవు. బిడ్డ తన మూటలో ఏమి మార్చుకొన్నను తల్లి వంటయింటిలో ఏ మార్పును కలుగదు.

దీనిని తరగతిలో రెండు నిమిషములలో ఋజువు చేయవచ్చును. టెర్మినల్ కిటికీలో ఒక చరరాశికి 'గుంటూరు' అను విలువ నిచ్చి, 'బాష్' అని టైపు చేసి బిడ్డ షెల్లును పుట్టించి, అందు ఆ చరరాశి విలువ నడిగినచో ఏమియు రాదు. (విలువ తెలుగు లిపిలో ఉండవచ్చును గాని, పేరు మాత్రము ఆంగ్లాక్షరములలోనే ఉండవలెను, బాష్ అట్లే విధించుచున్నది.) బిడ్డనుండి వెనుకకు వచ్చి, 'ఎక్స్‌పోర్ట్' అను ఆదేశముతో ఆ చరరాశిని మూటలో చేర్చి, మరల బిడ్డను పుట్టించినచో గుంటూరు కనిపించును. ఇప్పుడు బిడ్డలో దానిని 'కర్నూలు' అని మార్చి, తల్లికడకు తిరిగి వచ్చి చూచినచో అది గుంటూరుగానే ఉండును.

అక్షరముల తెరపై లాగిన్ అగునప్పుడు వంశక్రమము చాల చిన్నది. తెరకడ కావలి కాయు ప్రోగ్రాము పేరును అడుగును; 'లాగిన్' అను ప్రోగ్రాము పాస్‌వర్డును సరిచూచి, తన వేషమును షెల్‌గా మార్చుకొనును లేదా షెల్‌కు జన్మనిచ్చును. అట్లు ప్రారంభించునప్పుడు షెల్ పేరునకు ముందు ఒక అడ్డుగీతను చేర్చును. షెల్ తన పేరు తాను చూచుకొని, మొదట అడ్డుగీత యున్నచో 'నేను ఈ వంశమునకు మూలపురుషుడను' అని గ్రహించును. దీనికి లాగిన్ షెల్ అని పేరు. 'ఎకో' అను ఆదేశము ప్రక్కన డాలరు గుర్తును, సున్నను టైపు చేసినచో ఆ పేరు తెరపై కనిపించును. నల్లని తెరపై అడ్డుగీతతోను, టెర్మినల్ కిటికీలో సాధారణముగా అడ్డుగీత లేకయు వచ్చును. ఇంత ముఖ్యమైన భేదమును ఒక్క అడ్డుగీతపై నిలుపుట విచిత్రముగా తోచవచ్చును గాని, ఆ కాలపు యూనిక్స్ రచయితల పొదుపు అట్టిది.

లాగిన్ షెల్ అయిన బాష్ మొదట 'ఈటీసీ' డైరెక్టరీలోని ప్రొఫైల్ అను ఫైలును చదువును. అది అందరకును చెందినది. పిమ్మట వ్యక్తి సొంత డైరెక్టరీలో డాట్ బాష్ ప్రొఫైల్, డాట్ బాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్ అను మూడు పేర్లను ఆ వరుసలో వెదకి, మొదట దొరకిన ఒక్క దానినే చదివి తక్కిన వాటిని విడిచిపెట్టును. పేరునకు ముందు చుక్క యుండుటచే ఇవి మామూలు జాబితాలో కనిపించవు. లాగిన్ షెల్ కాక, కేవలము మనిషితో సంభాషించుటకు పుట్టిన బాష్ వీటిలో దేనిని చదువదు. 'డాట్ బాష్ ఆర్‌సీ' అను వేరొక ఫైలును చదువును. ఈ 'ఆర్‌సీ' అను అక్షరములు 1960వ దశకమున అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో నడచిన సి.టి.ఎస్.ఎస్. అను యంత్రవ్యవస్థలోని 'రన్‌కామ్' అను మాటనుండి వచ్చినవి.

రెండు విధములైన ఫైళ్లు ఎందులకు? విద్యార్థులు సాధారణముగా ఇది వట్టి గందరగోళమని తలతురు. అది నిజము కాదు. పరిసర చరరాశులు వారసత్వముగా సంక్రమించును గనుక వంశమూలమున ఒక్కసారి అమర్చిన చాలును. కాని పొడుగు ఆదేశములకు పెట్టుకొను ముద్దుపేర్లు వారసత్వముగా రావు. అవి షెల్ తన మనస్సులో ఉంచుకొను సంగతులే గాని మూటలోనివి కావు. అందుచే వాటిని ప్రతి షెల్లును స్వయముగా చదివి నేర్చుకొనవలెను. సంక్రమించునవి ప్రొఫైల్‌లోను, సంక్రమింపనివి ఆర్‌సీలోను ఉండుటకు కారణ మిదియే. పాత్‌ను పొడిగించు పంక్తిని ఆర్‌సీలో ఉంచినచో, షెల్లులోనుండి షెల్లు పుట్టినకొలది అదే చిరునామా మరల మరల చేరి పాత్ తోకవలె పెరిగిపోవును.

ఇక రంగుల తెర సంగతి. ఇచ్చట కావలి కాయునది డిస్‌ప్లే మేనేజర్ అను ప్రోగ్రాము. జీడీఎమ్, ఎస్‌డీడీఎమ్, లైట్‌డీఎమ్ అనునవి వీటిలో ప్రసిద్ధములు. వీటి జాతికి మూలమైన ఎక్స్‌డీఎమ్ 1988లో ఎక్స్ విండో వ్యవస్థతో వెలువడినది. డిస్‌ప్లే మేనేజర్ 'పామ్' అను తనిఖీ వ్యవస్థ సాయమున పాస్‌వర్డును సరిచూచును. ఈటీసీలోని 'ఎన్విరాన్‌మెంట్' అను ఫైలును చదివి మూటలో తొలి వస్తువులను వేయునది సాధారణముగా ఈ పామ్‌లోని ఒక భాగమే. తరువాత సెషన్ స్క్రిప్టు నడచును. అది డెస్క్‌టాపునకు జన్మనిచ్చును. మనిషి ఒక బొమ్మపై నొక్కినప్పుడు టెర్మినల్ కిటికీ పుట్టును. ఆ కిటికీ షెల్‌కు జన్మనిచ్చును. ఇంత దూరము వచ్చిన పిదప పుట్టిన ఆ షెల్ మూలపురుషుడు కాదు, మునిమనుమడు. అందుచే ప్రొఫైళ్ల జోలికి పోక ఆర్‌సీని మాత్రము చదువును.

మరి మూలస్థానమున ప్రొఫైల్‌ను ఎవరైనను చదివిరా? ఇచ్చటనే లినక్స్ పంపిణీలు దారులు చీలినవి. డెబియన్ కుటుంబములో జీడీఎమ్ వెంట వచ్చు ఎక్స్ సెషన్ స్క్రిప్టు ఈటీసీలోని ప్రొఫైల్‌ను, వ్యక్తి డాట్ ప్రొఫైల్‌ను చదువును గాని డాట్ బాష్ ప్రొఫైల్‌ను చదువదు. ఆ స్క్రిప్టును నడపునది బాష్ కాదు, 'ఎస్‌హెచ్' అను సామాన్య షెల్. బాష్ పేరు గల ఫైళ్లతో దానికి పని లేదు. విద్యార్థి పంక్తి వ్యర్థమైనది ఇందువలననే. ఎక్స్ స్థానమున వేలాండ్ పద్ధతి వచ్చినప్పుడు, ఈ స్క్రిప్టుల ప్రమేయము తప్పినందున, గ్నోమ్ డెస్క్‌టాపు రచయితలు సెషన్‌ను ఒక లాగిన్ షెల్ ద్వారా నడపు ఏర్పాటును చేర్చిరి. కాబట్టి ఒకే ఫైలు ఒక యంత్రములో పనిచేసి, ప్రక్క యంత్రములో పనిచేయకపోవుట ఆశ్చర్యము కాదు.

2010లో ఆరంభమైన సిస్టమ్‌డీ ఈ వంశవృక్షమును మరికొంత మార్చినది. లాగిన్ అయిన ప్రతి వ్యక్తికిని సిస్టమ్‌డీ ఒక సొంత నిర్వాహకుని నియమించును. ఈ నిర్వాహకుడు సెషన్ స్క్రిప్టు కడుపున పుట్టినవాడు కాడు. యంత్రము మొదలగునప్పుడు పుట్టిన ఒకటవ సంఖ్య ప్రోగ్రామునకు బిడ్డ. సెషన్‌కు అతడు పినతండ్రివంటివాడు. 2019లో వచ్చిన గ్నోమ్ 3.34 నుండి డెస్క్‌టాపులోని పెక్కు భాగములను ఈ నిర్వాహకుడే నడపుచున్నాడు. అతని చేత పుట్టిన ప్రోగ్రాములకు అతని మూటయే దక్కును. అందుచే సెషన్ ప్రారంభమున తన పరిసరమును అతనికి అప్పగించు ప్రత్యేకాదేశ మొకటి నడచును. అతనికి నేరుగా చెప్పదలచినచో, సొంత డైరెక్టరీలోని డాట్ కాన్ఫిగ్‌లో 'ఎన్విరాన్‌మెంట్ డాట్ డీ' అను డైరెక్టరీని కల్పించి, అందు 'కాన్ఫ్' అను తోక గల ఫైలు నుంచవచ్చును. 2017లో సిస్టమ్‌డీ 233వ కూర్పుతో ఈ వసతి వచ్చినది.

తెలుగు టైపు చేయువారికి ఈ భేదము అనుభవములోనికి వచ్చు సందర్భ మొకటి కలదు. ఐబస్ వంటి అక్షరసాధనమును వాడునప్పుడు, ఎక్స్ పద్ధతిలో, దాని పేరును తెలుపు చరరాశులు కొన్ని పరిసరములో ఉండవలెను. వాటిని డాట్ బాష్ ఆర్‌సీలో వ్రాసినచో, టెర్మినల్ కిటికీనుండి పేరు టైపు చేసి తెరచిన ఎడిటరులో తెలుగు వచ్చును. అదే ఎడిటరును బొమ్మపై నొక్కి తెరచినచో రాకపోవచ్చును. మొదటి ఎడిటరు ఆ షెల్ బిడ్డ. రెండవది డెస్క్‌టాపు బిడ్డ. దానికి షెల్ మూటతో సంబంధము లేదు. ఐబస్‌ను తప్పుపట్టి మరల మరల అమర్చుట ఇట్టి చోట కాలహరణమే.

డెబియన్ కుటుంబపు యంత్రములలో చరరాశులను డాట్ ప్రొఫైల్‌లో, ఎస్‌హెచ్ కూడ గ్రహించు సాదా భాషలో వ్రాయుట మంచిది. ప్రక్కన డాట్ బాష్ ప్రొఫైల్ అను ఫైలును కల్పించినచో, బాష్ మొదట దొరకిన దానితోనే తృప్తిపడును గనుక, అక్షరముల తెరపై డాట్ ప్రొఫైల్ మరుగున పడును. కొన్ని సాఫ్టువేరులను అమర్చునప్పుడు అవియే చెప్పకుండ ఈ ఫైలును సృష్టించుట కలదు. గదిలోని విద్యార్థులందరకును వర్తింపవలసిన సాదా విలువలకు ఈటీసీలోని ఎన్విరాన్‌మెంట్ తగును. కాని అది షెల్ స్క్రిప్టు కాదు. పేరు, విలువ తప్ప అందు ఆదేశములు వ్రాసిన పనిచేయవు.

ఏ ఫైలును మార్చినను, అప్పటికే నడచుచున్న ప్రోగ్రాములకు ఆ సంగతి తెలియదు. పూర్తిగా లాగవుట్ అయి మరల ప్రవేశింపవలెను. ఫలితమును ఊహింపక్కరలేదు: 'ప్రాక్' డైరెక్టరీలో ప్రతి ప్రోగ్రాము సంఖ్య క్రిందను 'ఎన్విరాన్' అను ఫైలు ఉండి, అది పుట్టుకతో తెచ్చుకొన్న మూటను చూపును. ఎడిటరు, డెస్క్‌టాపు, షెల్ — ఈ మూడింటి ఫైళ్లను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చినచో, కావలసిన చరరాశి ఏ తరమున జారిపోయినదో తెలియును.

డాట్ ప్రొఫైల్‌ను దిద్దునప్పుడు మాత్రము జాగ్రత్త అవసరము. అందు 'ఎగ్జిట్' అను ఆదేశ ముండినచో, దానిని చదువుచున్న సెషన్ స్క్రిప్టే ముగిసిపోవును. సరియైన పాస్‌వర్డు ఇచ్చినను తెర ఒక్క క్షణము నల్లబడి మరల లాగిన్ తెరయే ఎదుట నిలుచును. పాస్‌వర్డు మరచితినని విద్యార్థి భ్రమపడును. అప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలతో ఎఫ్3 మీటను కలిపి నొక్కినచో చాల యంత్రములలో అక్షరముల తెర వచ్చును. దోషము వ్యాకరణసంబంధమైన దయినచో బాష్ ఒక హెచ్చరికను చూపి లోనికి రానిచ్చును. అచ్చట ఫైలును దిద్దుకొనవచ్చును. ఎగ్జిట్ వలన కలిగిన చిక్కు అయినచో అక్షరముల తెర కూడ బయటకు నెట్టును. అట్టి సమయమున గదిలోని ఉపాధ్యాయుడు తన సొంత పేరుతో ప్రవేశించి, నిర్వాహకాధికారముతో ఆ విద్యార్థి డాట్ ప్రొఫైల్ పేరును మార్చినచో సరిపోవును. తక్కిన ఫైళ్లన్నియు చెక్కుచెదరక యుండును.