బ్లాక్‌ బెల్ట్‌... ఇచ్చిందెవరు?

‘మావాడికి బ్లాక్‌ బెల్ట్‌ వచ్చింది’ అని మురిసిపోతుంటాం. మరి ఇచ్చిందెవరు? కరాటేలో ఈ తగవు మహాగురువుల ఇళ్లలోనే మొదలైంది.

షోటోకాన్‌ ఆద్యుడు గిచిన్‌ ఫునకోషి 1957 ఏప్రిల్‌ 26న కన్నుమూశారు. అంత్యక్రియల దగ్గరే శిష్యులు రెండుగా చీలారు. సరిగ్గా 37 ఏళ్లకు, 1994లో అదే తేదీన క్యోకుషిన్‌ స్థాపకుడు మసుతత్సు ఒయామా మరణించారు. శిష్యుడు మత్సుయిని వారసుడన్న వీలునామా చెల్లదని కుటుంబం కోర్టుకెక్కింది. సంస్థ ముక్కలైంది. అన్ని వర్గాలూ ‘అసలు వారసులం మేమే’ అన్నాయి. ఎవరి బెల్టులు వారివే!

అసలు ఈ నల్ల బెల్టు కరాటేది కాదు. జిగొరో కానో జూడో నుంచి తెచ్చుకుని ఫునకోషి 1924లో శిష్యులకిచ్చారు.

అందుకే పిల్లల్ని చేర్చేముందు మాస్టారి బెల్టు రంగొక్కటే చూడకండి. ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారో అడగండి. ఓ పూట కూర్చుని ఆయన నేర్పే తీరు గమనించండి.