ఐన్‌స్టీన్ భవిష్యత్కాలమునుండి వచ్చెనా?

అసాధారణ ప్రజ్ఞ గలవాడు లోకమున పుట్టినప్పుడెల్ల, అతడు మనవంటి మానవుడు కాడని జనులు చెప్పుకొనుట పరిపాటి. పూర్వము అట్టివానిని అవతారపురుషుడనిరి. ఇప్పుడు మాట మారినది గాని తలంపు మారలేదు. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ భవిష్యత్కాలమునుండి వచ్చిన యాత్రికుడని కొందరు వేడుకకును, మరికొందరు నిజముగా నమ్మియు చెప్పుచున్నారు. పేటెంటు కార్యాలయములోని 26 ఏండ్ల చిన్న ఉద్యోగి 1905వ సంవత్సరమున భౌతికశాస్త్రమును తలక్రిందులు చేయుట ఎట్లని వారి సందేహము. ఈ యూహను ఊరక త్రోసివేయక, కొంచెము పరిశీలింపదలచితిమి.

మొదట ఆయన పుట్టుపూర్వోత్తరములు చూతము. ఐన్‌స్టీన్ 1879 మార్చి 14వ తేదీన జర్మనీలోని ఉల్మ్ నగరమున హెర్మన్, పౌలీన్ దంపతులకు జన్మించెను. తండ్రియు పినతండ్రియు మ్యూనిక్ నగరమున డైనమోలు మొదలగు విద్యుద్యంత్రములు చేయు కర్మాగారమును నడపిరి. కావున విద్యుత్తు, అయస్కాంతము ఆ బాలునకు ఇంటిలో వినవచ్చు మాటలే. పదునారేండ్ల ప్రాయమున, కాంతికిరణము వెంట సమానవేగముతో పరుగెత్తినచో అది మనకెట్లు కనబడునని ఆలోచింపసాగెను. సమాధానము దొరకుటకు పదేండ్లు పట్టెను. ఈలోపల మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతమును చదివెను. లోరెంట్జ్, పాయింకరే వంటి పెద్దలు ఆ చిక్కును విప్పుటకు అప్పటికే చాల దూరము నడచియుండిరి. మిత్రుడు మిచెలే బెస్సోతో చేసిన చర్చలును తోడ్పడెను. 1905 నాటి సాపేక్షతా వ్యాసము చివర ఆయనకు కృతజ్ఞత తెలిపియున్నాడు. ఆకాశమునుండి ఊడిపడిన విద్య యిందెక్కడను కానరాదు.

ఇంతకంటె బలమైన సాక్ష్యము ఆయన పొరపాట్లు. భవిష్యత్తు తెలిసినవాడు దారి తప్పునా? గురుత్వాకర్షణ సిద్ధాంతమునకై 1907 మొదలు 1915 వరకు ఆయన శ్రమించెను; నడుమ 1913లో ప్రకటించిన సమీకరణములు సరికానివి. విశ్వము మార్పులేనిదని నమ్మి, 1917లో తన సమీకరణములందు అదనముగా ఒక పదమును చేర్చెను. విశ్వము వ్యాకోచించుచున్నదని తేలినపిమ్మట, 1931లో దానిని విడిచెను. తన సిద్ధాంతమే సూచించిన గురుత్వ తరంగములు లేవని 1936లో వాదింపబోయి, పిదప సరిదిద్దుకొనెను. 2015 సెప్టెంబరులో ఆ తరంగములు పరికరములకు చిక్కినవి. ఇది వెదకి వెదకి కనుగొనువాని నడక గాని, చూచి వచ్చినవాని నడక గాదు.

అయినను కాలయాత్ర యను మాటకు ఆయన సిద్ధాంతముననే కొంత ఆధారము కలదు. వేగముగా చలించు గడియారము నెమ్మదిగా నడచును. కాంతివేగములో ఐదింట నాలుగువంతుల వేగముతో పోయి తిరిగివచ్చిన వానికి ఆరేండ్లు గడచినచో, భూమిపై పదేండ్లు గడచును. 1971లో పరమాణు గడియారములను విమానములలో భూమిచుట్టు త్రిప్పి, ఈ భేదమును కొలిచిరి. అది సెకనులో శతకోట్లవ భాగముల లెక్కలోనిదే యైనను, సిద్ధాంతము చెప్పినట్లే యుండెను. రైవతుడు కుమార్తె రేవతితో బ్రహ్మలోకమునకేగి, కొంతసేపు నిలిచి తిరిగివచ్చునప్పటికి భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచెనను భాగవతకథ శ్రోతలకు తెలిసినదే. అది పురాణకథ, ఇది కొలిచిన సత్యము. కాని రెండింటను యాత్ర ముందునకే సాగినది. రైవతుడు తన కాలమునకు మరల రాలేదు.

వెనుకకు పోవుట సంగతి వేరు. ఐన్‌స్టీన్ మిత్రుడగు కుర్ట్ గోడెల్ 1949లో, విశ్వమంతయు తిరుగుచున్నదైనచో గతమునకు దారి యుండునని గణితమున చూపెను. కాని మన విశ్వమున అట్టి భ్రమణము కనబడలేదు. ప్రకృతి నియమములే గతమునకు పోవు దారిని మూసియుంచునని స్టీఫెన్ హాకింగ్ 1992లో ఊహించెను. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో ఆయన కాలయాత్రికులకు విందు చేసి, ఆహ్వానమును విందు ముగిసిన పిమ్మటనే ప్రకటించెను. విందునకు ఒక్కరును రాలేదు.

తర్కమునకును ఇదియొక చిక్కు. ఐన్‌స్టీన్ సాపేక్షతను భవిష్యత్తునాటి పుస్తకమున చదివి తెచ్చెననుకొందము. ఆ పుస్తకము ఐన్‌స్టీన్ వ్యాసమును చూచి వ్రాసినదే గదా! అట్లయిన ఆలోచించినవాడెవడు? ఎవడును లేడు. విద్య యున్నది గాని విద్వాంసుడు లేడు.

ఈ వేడుకమాటలో నష్టమేమని కొందరడుగవచ్చును. ఐన్‌స్టీన్ 1895లో జ్యూరిచ్ సాంకేతిక విద్యాలయ ప్రవేశపరీక్షలో నెగ్గలేదు. మరుసటి యేడు చేరెను. చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగమునకై రెండేండ్లు తిరిగెను. నేడు పరీక్ష తప్పి చింతించు విద్యార్థికి ఈ జీవితము ధైర్యము చెప్పగలదు. ఆయనను అన్యకాలమువానిగా చేసినచో, ఆ విద్యార్థి ఇది తన వలన కాదని పుస్తకము మూయును. అందువలననే మేము ఈ ప్రశ్నను ఇంత శ్రద్ధతో విచారించితిమి.