చేసిన చేతులు, మొక్కే చేతులు: 'రింగ్‌వరల్డ్' నవల

సైన్సు నవల అనగానే మనలో చాలామంది దాన్ని పలాయనవాదం ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటారు. రచయిత కథను ఎంత దూరం తీసుకుపోయాడన్న దానికన్నా, అక్కడ నిలబడి దేన్ని చూపించాడన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. అమెరికన్ రచయిత లారీ నివెన్ 1970లో ప్రచురించిన 'రింగ్‌వరల్డ్' ఇందుకు మంచి ఉదాహరణ. హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ పొందిన నవల ఇది.

కథాకాలం 29వ శతాబ్దం. ఇద్దరు మనుషులు, పులిని పోలిన యుద్ధజాతి జీవి ఒకటి, రెండు తలల పప్పెటీరు ఒకటి అంతరిక్ష నౌకలో బయలుదేరి ఒక కృత్రిమ లోకం మీద కూలిపోతారు. నక్షత్రం చుట్టూ, మనకు సూర్యుడున్నంత దూరంలో, కట్టిన పట్టీ అది. చుట్టుకొలత సుమారు 60 కోట్ల మైళ్ళు, వెడల్పు దాదాపు 10 లక్షల మైళ్ళు. సెకనుకు 770 మైళ్ళ వేగంతో తిరుగుతుంది గనక జనం నేల మీద నిలబడగలుగుతారు. గాలి జారిపోకుండా అంచుల్లో వెయ్యి మైళ్ళ ఎత్తు గోడలున్నాయి. నక్షత్రానికి దగ్గరగా తిరిగే నల్లని పలకలు అడ్డం వస్తే రాత్రి. మయసభలో మాయ ఉన్నచోట ఇక్కడ లెక్క ఉంది.

ఈ నలుగురూ చేరేసరికి అక్కడి నాగరికత కూలిపోయి ఉంటుంది. విద్యుత్తును నష్టం లేకుండా మోసే సూపర్‌కండక్టర్లను ఒక బూజు తినేసింది. యంత్రాలు ఆగాయి. గాలిలో తేలే భవనాలు నేలరాలాయి. మళ్ళీ మొదలుపెడదామంటే తవ్వడానికి గనుల్లేవు. మట్టి కింద ఉన్నది కట్టినవాళ్ళు పరిచిన అడుగుపలకే. తరాలు గడిచాక, ఆకాశంలో కమానులా కనిపించే ఆ పట్టీని జనం మహిమగా కొలుస్తారు. ప్రయాణికులనే నిర్మాతలనుకొని మొక్కుతారు. శ్రమఫలం మనిషికి పరాయిదై, దేవుడై నెత్తికెక్కడం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. నివెన్‌కు ఒక్క కమాను చాలింది.

1979-80లో వచ్చిన రెండో నవల 'రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్' ఇంకో అడుగు వేస్తుంది. ఆ బూజును పప్పెటీర్లే వ్యాపారలాభం కోసం ప్రయోగించారని అందులో బయటపడుతుంది.

లోపం లేదా? ఉంది, పెద్దదే. తీలా బ్రౌన్ అనే యువతి, సంతానహక్కును లాటరీలో గెలుస్తూ వచ్చిన తరాల వారసురాలు. అందువల్ల ఆమెకు అదృష్టం రక్తంలోనే ఉందట. నౌక కూలడం కూడా ఆమె మేలుకేనట! జాతకానికి జన్యువు వేషం వేసినంత మాత్రాన అది సైన్సు అయిపోదు. సమాజం ఎందుకు కూలిందో భౌతిక కారణాలతో చెప్పిన రచయితే, వ్యక్తి జీవితం దగ్గరికి వచ్చేసరికి నుదుటిరాతకు లొంగిపోయాడు.

మన రచయితలు తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. గట్టి వలయం గ్రహం చుట్టూ స్థిరంగా నిలవలేదని మాక్స్‌వెల్ 1859లోనే శనివలయాల విషయంలో నిరూపించాడు. నక్షత్రం చుట్టూ కట్టిన పట్టీకీ అదే సూత్రం. కొద్దిగా పక్కకు జరిగితే మరింత జరిగి చివరికి నక్షత్రాన్ని ఢీకొంటుంది. 1971లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సైన్సు ఫిక్షన్ సభలో ఎం.ఐ.టి. విద్యార్థులు ఈ మాటనే నినాదంగా చేసి అరిచారు. నివెన్ అలగలేదు. పట్టీని సరిచేసే రాకెట్లను రెండో నవలలో పెట్టి, వాటిని అంచుగోడల నుంచి పీక్కుపోయిన జనాన్నీ చూపించి, దాన్నే కథకు ప్రాణం చేసుకున్నాడు.

తెలుగులో ఇలాంటి నవల రాయబూనేవారు రాకెట్టు పేర్లు నేర్చుకుంటే చాలదు. ఊహించిన లోకాన్ని ఎవరు కట్టారు, ఎవరు నడుపుతున్నారు, ఆగిపోతే ఎవరు ఆకలితో మాడతారు - ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పగలగాలి.