పచ్చి బాలింత మనసు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బాలింతకు జరిగే జాగ్రత్త తక్కువేం కాదు. చెవుల్లో దూది పెడతారు, తలకు గుడ్డ చుడతారు, నడికట్టు కడతారు. వేన్నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తారు. ‘పచ్చి బాలింత, గాలి తగలనీకండి’ అని చూడవచ్చిన ప్రతి ముసలమ్మా చెప్పి వెళ్తుంది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఎందుకు ఏడుస్తోందో మాత్రం అడిగేవాళ్లుండరు. అడిగినా జవాబు ముందే సిద్ధం: గాలి సోకింది, దిష్టి తగిలింది, ఆడపిల్ల పుట్టిందని బెంగ.

పురుడయ్యాక నాలుగు రోజులు ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా నిద్ర పట్టక, అన్నం సయించక, బిడ్డ ఏడ్చినా ఎత్తుకోబుద్ధి కాక, ‘నేను తల్లిగా పనికిరాను’ అని కుమిలిపోతుంటే అది జబ్బు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వేసిన లెక్క ప్రకారం నూటికి 22 మంది తల్లులది ఈ బాధే. దీనికి మందుంది. నయమవుతుంది.

జనవరి వస్తే మిరప కోతలు. కూలికెళ్లే ఇళ్లలో ఒళ్లు కుదుటపడకముందే బాలింత చేలోకి దిగాల్సి వస్తుంది. పొద్దంతా కాయ కోసి, కల్లంలో తాలు కాయలు ఏరిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చేత్తో బిడ్డ మొహం తుడవాలంటే భయం, పాలివ్వబోతూ రొమ్ము ముట్టుకోవాలన్నా భయం. పాలకోసం గుక్కపట్టిన బిడ్డను అత్త చేతుల్లో చూస్తూ, కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంటుంది. ఉద్యోగినికి చట్టం 26 వారాల సెలవిచ్చింది. కోత కూలికి ఒక్క పూటా లేదు. పత్తి పోయి అప్పు మిగిలిన రైతు దిగులు ఊరికి తెలుసు. అదే ఇంట్లో బాలింత దిగులు ఆ ఇంటికే తెలియదు.

ఈ దిగులును ముందుగా పసిగట్టగలిగేది నర్సమ్మ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. నూటికి 42 సిజేరియన్లు. కుట్లు చూసేది, పాలు పట్టడం నేర్పేది, అర్ధరాత్రి వార్డులో ఏడుపు వినేది ఆవిడే. ఇంటికెళ్లాక 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త వస్తుంది. బిడ్డ బరువు, జ్వరం రాసుకుంటుంది. తల్లి అసహజంగా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా అని కూడా ఆమె ఫారంలో ఉంది. నోరు మెదపకుండా కుమిలే తల్లి ఈ ప్రశ్నకు దొరకదు. 42వ రోజు దాటాక వచ్చేది ప్రధానంగా బిడ్డ కోసం. జబ్బు ఆ తర్వాతా మొదలవ్వచ్చు.

తప్పు నర్సులది కాదు. వాళ్ల చేతిలో సరైన ప్రశ్న పెట్టలేదు, అడిగే తీరిక ఇవ్వలేదు. ఆరు, పది, పద్నాలుగో వారాల్లో టీకాకు తల్లులు బిడ్డలను తెస్తారు. అత్తగారు పక్కన లేకుండా చూసి రెండు మాటలడగాలి: ‘ఈమధ్య మనసు దిగులుగా ఉంటోందామ్మా? దేనిమీదా ఇష్టం లేకుండా పోయిందా?’ ఈ రెండూ టీకా రిజిస్టర్లోకి ఎక్కాలి. అడగడానికి టీకా వేసే ఏఎన్ఎంకు సమయమూ, అవునన్న తల్లిని పంపడానికి ఒక డాక్టరూ ఉండాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మనసు బాధలకు ఫోన్‌లో సాయమిచ్చే టెలి మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుందనో, బిడ్డను ఏమైనా చేస్తానేమోననో బాలింత అంటే మంత్రాలకు తిప్పకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే గుంటూరు పెద్దాసుపత్రికో, ఒంగోలు పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి.