మనం వెళ్ళని ఆ ఒక్క ఇల్లు

వేసవి సెలవులు దగ్గరపడితే మన ఇళ్ళలో ప్రయాణాల ముచ్చట్లు మొదలవుతాయి. పిల్లలు నానీ ఇంటికి ఎప్పుడని అడుగుతారు. ఎవరింట్లో ఎన్ని రోజులుండాలి, ఎవరికి ఏం పట్టుకెళ్ళాలి, ఏ బస్సెక్కాలి అని పెద్దలు లెక్కలు వేస్తారు. ఆ లెక్కలో చాలా కుటుంబాలు ఒక ఇంటిని వదిలేస్తాయి. దాని ప్రస్తావన రాగానే పెద్దలు మాట మారుస్తారు. కారణం ఒక నికాహ్‌లో వచ్చిన మాటపట్టింపు కావచ్చు, ఒక ఆస్తి పంపకం కావచ్చు. పిల్లలకు ఆ కారణమూ తెలియదు, ఆ ఇంటివారి ముఖాలూ తెలియవు.

మా కుటుంబానికి అలాంటి ఇల్లు ఆదోనిలో ఉండేది. అది మా ఫుప్పూ ఇల్లు. ఆమె నాన్నగారికి ఒక్కగానొక్క చెల్లెలు.

జనాజా దగ్గర చేసిన ప్రకటన

దాదా మరణించాక కర్నూలులోని పాత ఇల్లు అమ్మేశారు. నాన్న, చాచా ఆ సొమ్మును చెరిసగం పంచుకున్నారు. ఫుప్పూ పెళ్ళికి ఎంతో ఖర్చయిందని, ఆమె తన వాటా మాఫ్ చేసిందని ఇంట్లో చెప్పుకున్నారు. కాగితాల మీద ఆమె సంతకం కూడా ఉంది. ఆ తర్వాత గొడవ ఏదీ జరగలేదు. రాకపోకలు మాత్రం నెమ్మదిగా తగ్గాయి. పండుగకు ఒక ఫోను, ఆపైన అదీ లేదు. అలా పదకొండేళ్ళు గడిచాయి.

నిరుడు నాన్న మరణించారు. జనాజా నమాజుకు ముందు ఆనవాయితీ ప్రకారం పెద్దకొడుకుగా నేనే నిలబడి, మా నాన్నగారు ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేను తీరుస్తాను అని ప్రకటించాను. ఎవరూ ముందుకు రాలేదు. ఆ బాకీ రావలసిన మనిషి ఆ సమయంలో మా ఇంట్లో, ఆడవారి గదిలో, అన్న కోసం ఏడుస్తూ కూర్చుని ఉన్నారు. ఫుప్పూ ఉదయం వచ్చారు, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. ఒక్క మాట అడగలేదు.

ఆ రాత్రి ఆ ప్రకటన నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది.

మాఫ్ చేసిందంటే సరిపోతుందా?

తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలివెళ్ళిన ఆస్తిలో పురుషులకు ఉన్నట్టే స్త్రీలకూ వాటా ఉందని, ఆస్తి కొద్దిదైనా పెద్దదైనా అది నిర్ణీతమైన వాటా అని దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా స్పష్టం చేసింది. అదే సూరా కొడుకుకు ఇద్దరు కూతుళ్ళ వాటాకు సమానమైన భాగాన్ని నిర్ణయించింది. మృతుని అప్పులు, వసీయత్ తీర్చిన తర్వాతే పంపకం చేయాలనీ ఆదేశించింది.

మా దాదీ అంతకుముందే మరణించారు. వారసులు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆస్తిని ఐదు భాగాలు చేస్తే అన్నదమ్ములకు రెండేసి, చెల్లెలికి ఒకటి రావాలి. చెరిసగం తీసుకున్నారు కాబట్టి నాన్న తీసుకున్నదానిలో ఐదో వంతు ఫుప్పూది.

మరి ఆమె మాఫ్ చేసింది కదా? మా పేటలోని ఒక ఆలిమ్ గారిని అడిగాను. ముందు వాటాను ఆమె చేతిలో పెట్టండి, ఆ తర్వాత ఆమె సంతోషంగా తిరిగి ఇస్తే అది కానుక అవుతుంది అన్నారు. చేతికి అందనిదాన్ని నలుగురి మధ్య వదులుకొమ్మంటే, పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో ఏ ఆడకూతురైనా సంతకం చేస్తుంది. పెళ్ళి ఖర్చు తండ్రి తన జీవితకాలంలో చేసినది. దాన్ని వారసత్వంలో తగ్గించే అధికారం అన్నదమ్ములకు లేదు.

ఆదోని ప్రయాణం

నేను, తమ్ముడు, చెల్లెలు, పిల్లలు కలిసి హైదరాబాదులో బస్సెక్కాము. కర్నూలులో దిగి జుహ్ర్ నమాజు చేశాము. మనలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం, సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి బయలుదేరి, గమ్యంలో 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు జుహ్ర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులను రెండేసి రకాతులుగా చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాం వెనుక చేస్తే పూర్తి నమాజే చేయాలి. పిల్లలు ఈ నియమాన్ని పుస్తకంలో చదివారు. ఆచరించడం అదే మొదటిసారి.

ఎమ్మిగనూరు దాటి ఆదోని చేరేసరికి సాయంత్రమయింది. తలుపు దగ్గర నిలబడి సలాం చెప్పాము. ఫుప్పూ తలుపు తీసి మా ముఖాల వైపు కాసేపు చూశారు. తర్వాత పిల్లలను ఒక్కొక్కరినీ పేరు అడిగారు. అన్న మనవలను పేర్లు అడగవలసి వచ్చిన ఆ క్షణంలో నేను తలెత్తలేకపోయాను.

రాత్రి బగారా అన్నం, దాల్చా తిన్న తర్వాత కవరు ఆమె ముందుంచి లెక్క చెప్పాను. ఆమె వద్దంటారని, కాసేపు బతిమాలాలని మేము అనుకున్నాము. ఆమె తీసుకున్నారు.

“నేను తీసుకోకపోతే మా అన్న మీద భారం ఉండిపోతుంది బేటా,” అన్నారు. కొంచెం ఆగి, “డబ్బు లేక నేను బాధపడలేదు. మీ ఇంట్లో రెండు నికాహ్‌లు జరిగాయి. ఒకదానికి పత్రిక వచ్చింది, మనిషి రాలేదు. రెండోదానికి పత్రికా రాలేదు,” అన్నారు.

ఆ మాటకు మా దగ్గర సమాధానం లేదు. క్షమించమని అడిగాము.

మర్నాడు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ పెట్టారు. 17వ శతాబ్దంలో సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదుకు పిల్లలను ఫుప్పూ కొడుకే తీసుకెళ్ళాడు.

బంధుత్వం అంటే బదులు తీర్చడమేనా?

వాళ్ళు వస్తే మనమూ వెళ్దాం అన్న మాట మనకు అలవాటు. వచ్చినవారింటికి వెళ్ళడం బదులు తీర్చడమేనని, తెంచుకున్నవారితోనూ సంబంధం కలుపుకునేవాడే నిజంగా బంధుత్వాన్ని పాటించినవాడని దైవప్రవక్త (స) ప్రబోధించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

హజ్రత్ అబూబక్ర్ (రజి) తన బంధువైన మిస్తహ్ (రజి)ను పోషిస్తుండేవారు. తన కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు వేసిన నిందలో మిస్తహ్ కూడా పాలుపంచుకోవడంతో, ఇక అతనికి ఏమీ ఇవ్వనని ప్రమాణం చేశారు. కూతురి గౌరవం దెబ్బతిన్న తండ్రి బాధను మించిన కారణం ఏముంటుంది? అయినా క్షమించమని బోధిస్తూ నూర్ సూరాలో ఆదేశం అవతరించగానే ఆయన ఆ సహాయాన్ని తిరిగి ప్రారంభించారు. మన మాటపట్టింపులను ఈ సంఘటన పక్కన పెట్టి చూసుకోవాలి.

ధర్మం వేరైనా బంధుత్వం తెగదు. ఇస్లాం స్వీకరించని తల్లి మదీనాకు వచ్చినప్పుడు హజ్రత్ అస్మా (రజి), ఆమెతో మంచిగా మెలగవచ్చా అని అడిగారు. దైవప్రవక్త (స) మెలగమనే చెప్పారు. ముస్లిమేతర బంధువులున్న మన కుటుంబాలు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఈ సెలవుల్లో బయలుదేరే ముందు

వెళ్ళే సంగతి ముందుగా తెలపండి. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే నొచ్చుకోకుండా తిరిగిరావాలన్నది ప్రవక్త (స) నేర్పిన మర్యాద.

ఆతిథ్యం మూడు రోజులు. అతిథేయికి ఇబ్బంది కలిగేదాకా ఉండిపోవడాన్ని హదీసు వారించింది. చిన్న ఇల్లయితే ఒక్క పూట చాలు.

బంధువు పేదవాడైతే మిఠాయితో సరిపెట్టకండి. బంధువుకు చేసే దానానికి రెండు పుణ్యాలున్నాయి: ఒకటి దానానిది, రెండోది బంధుత్వానిది. అర్హులైతే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, మేనత్తలకు, పినతల్లులకు జకాత్ కూడా ఇవ్వవచ్చు. తల్లిదండ్రులకు, సంతానానికి మాత్రం జకాత్ వర్తించదు. వారిని పోషించడం మన బాధ్యత.

అన్నిటికన్నా ముందు, మీరు వెళ్ళని ఇల్లు ఏదో, ఎందుకు వెళ్ళడం లేదో ఆలోచించండి. అక్కడ మీరు చెల్లించవలసిన హక్కు ఏదైనా ఉంటే దాన్ని తీసుకునే బయలుదేరండి.

మా లెక్క ఇంకా పూర్తి కాలేదు. చాచా కువైట్‌లో ఉన్నారు. ఆయన తీసుకున్న సగంలోనూ ఐదో వంతు ఫుప్పూకు రావాలి. ఫోనులో చెప్పినప్పుడు ఆయన కోపగించుకున్నారు. రంజాన్‌కు మళ్ళీ ఫోను చేశాను, ఈసారి విన్నారు. వచ్చే సెలవుల్లో ఆయన స్వదేశానికి వచ్చినప్పుడు, ఇన్షా అల్లాహ్, ఆయనతో కలిసి మరోసారి ఆదోని వెళ్ళాలని అనుకుంటున్నాము.

తెగిన బంధాలను కలిపే ధైర్యాన్ని, హక్కుదారుల హక్కును బతికుండగానే చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.